కుందేళ్లు పోయిన తర్వాత: మారిషస్ చిన్న దీవుల నుంచి ఒక కేస్ స్టడీ

రౌండ్ ఐలండ్‌కు రేవు లేదు. పడవ అలతోపాటు పైకి లేచిన క్షణంలో ఎదురుగా ఉన్న రాతి మీదికి దూకాలి. ఆ క్షణం జారిపోతే తర్వాతి అల కోసం ఆగాలి. సముద్రం ఒప్పుకోని రోజున, దీవి చేతికందేంత దగ్గరగా కనిపిస్తున్నా వెనక్కు తిరిగి రావడమే. మారిషస్‌కు ఈశాన్యంగా సుమారు 22 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలోంచి 280 మీటర్ల ఎత్తుకు లేచిన అగ్నిపర్వతపు గుట్ట అది. విస్తీర్ణం సుమారు 219 హెక్టార్లు.

దిగడం కష్టం కావడమే ఈ దీవికి మేలు చేసింది. మారిషస్ చుట్టుపక్కల ఉన్న దీవుల్లో చాలావాటికి ఓడలతోపాటు ఎలుకలు చేరాయి. రౌండ్ ఐలండ్‌కు ఎన్నడూ చేరలేదు. పెద్ద దీవి మీద ఎప్పుడో కనుమరుగైన బల్లులు, నలికిరులు, పాములు, తాటి కుటుంబపు చెట్లు ఇక్కడ మిగిలి ఉన్నాయంటే అందుకు ముఖ్య కారణం ఇదే.

నేను కొన్నేళ్లు ఈ చిన్న దీవుల మీద మొదట కలుపు తీసే బృందంలో, తర్వాత నర్సరీలో, ఆ తర్వాత సామాను తనిఖీలో పనిచేశాను. నేను చేరేనాటికి రౌండ్ ఐలండ్ కుందేళ్ల నిర్మూలన పాత సంగతి. అయినా రోజూ నా చేతిలో పడిన పనిలో చాలా భాగం ఆ నిర్మూలన మిగిల్చి వెళ్లినదే. ఈ రంగంలో రాసే నివేదికలు ఎక్కువగా చివరి జంతువు చనిపోయిన రోజుతో ముగుస్తాయి. నా అనుభవంలో అసలు ప్రశ్న ఆ మర్నాటి నుంచే మొదలవుతుంది. ఒక జంతువును దీవి మీద నుంచి తీసేముందు అది దేన్ని నాశనం చేస్తోందో అందరూ చూస్తారు. అది ఉండడం వల్ల ఏది పెరగకుండా ఆగి ఉందో కూడా చూడాలి. ఈ కేసు నాకు నేర్పింది అదే.

పిల్లలు లేని అడవి

19వ శతాబ్దంలో రౌండ్ ఐలండ్ మీద మేకలనూ కుందేళ్లనూ వదిలారు. మేక, కుందేలు పెద్ద చెట్టును పడగొట్టవు. అందుకే చాలాకాలం నష్టం కంటికి ఆనదు. చెట్లు నిలబడే ఉంటాయి, పూస్తాయి, కాస్తాయి, గింజలు రాలుతాయి, మొలకలు వస్తాయి. రెండాకులు విప్పిన మొలక మాత్రం మర్నాటికి ఉండదు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే అడవి మొత్తం ముసలి చెట్లతో మిగులుతుంది. పిల్లలు పుట్టని ఊరులాగా. తుపానుకు ఒకటి, కరువుకు ఒకటి కూలుతూ పోతే వాటి స్థానంలోకి వచ్చేది ఏదీ ఉండదు.

చెట్లు పలచబడిన కొద్దీ మట్టికి పట్టు పోయింది. ఈ దీవి రాయి మెత్తటిది. వాన పడినప్పుడల్లా మట్టి గండ్లు పడుతూ సముద్రంలోకి జారిపోయింది. పైభాగంలో ఒకప్పుడున్న గట్టి కలప చెట్ల అడవి మాయమైంది. సీసాలాగా అడుగు ఉబ్బిన కాండం ఉండే బాటిల్ పామ్ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతగా తగ్గాయి. హరికేన్ పామ్ అనే మరో తాటిజాతి ఈ దీవి మీద ఒక దశలో ఒకే ఒక్క చెట్టుగా మిగిలింది.

మట్టి పోవడం అంటే ఏమిటో అర్థం కావాలంటే ఇక్కడి రెండు పాముల కథ తెలియాలి. రెండూ బోవాలను (కొండచిలువలాంటి పాములను) పోలినవే. ఈ కుటుంబపు పాములు ప్రపంచంలో మరెక్కడా లేవు. ఒకటి మట్టిలో బొరియ చేసుకుని బతికేది. దాన్ని చివరిసారి చూసింది 1975లో. ఆ తర్వాత ఎంత వెతికినా దొరకలేదు, అంతరించిందని తేల్చారు. రెండోది తాటి మట్టల సందుల్లో, రాళ్ల కింద తలదాచుకోగలిగింది కనుక బతికింది. దాని పైదవడ ఎముక రెండు ముక్కలుగా, మధ్యలో కీలుతో ఉంటుంది. నున్నగా జారిపోయే నలికిరిని పట్టుకోవడానికి అది అనువైన అమరిక. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇలాంటి దవడ ఇంకెవరికీ లేదు. ఒక దీవి మట్టితోపాటు ఏం పోతుందో, ఏం మిగలవచ్చో ఈ రెండు పాములు పక్కపక్కనే చూపిస్తాయి.

1957లోనే ఈ దీవిని ప్రకృతి రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కాగితం మీది రక్షణ కుందేలు పళ్లను ఆపదు కదా. 1970లలో వన్యప్రాణి సంరక్షకుడు జెరాల్డ్ డ్యురెల్ బృందం ఇక్కడికి వచ్చి, మిగిలిన సరీసృపాలు కొన్నింటిని పెంచి సంరక్షించడానికి జెర్సీ దీవిలోని ఆయన జూకు తీసుకెళ్లింది. 1979 నాటికి మేకలను తొలగించారు. మేక పెద్దది, కనిపిస్తుంది, తుపాకీకి అందుతుంది. కుందేలు అలా కాదు. తొంభై తొమ్మిది శాతం చంపి ఒక జంటను వదిలేస్తే కొన్నేళ్లలో కథ మళ్లీ మొదటికి వస్తుంది.

1986లో న్యూజిలాండ్‌కు చెందిన డాన్ మెర్టన్ నాయకత్వంలో కుందేళ్ల నిర్మూలన జరిగింది. వాడిన మందు బ్రోడిఫాకమ్. రక్తం గడ్డకట్టడానికి శరీరానికి విటమిన్ కె కావాలి. ఆ విటమిన్ ఒకసారి వాడుకలోకి వచ్చాక మళ్లీ పనికి వచ్చే రూపంలోకి మారకుండా ఈ మందు అడ్డుపడుతుంది. తిన్న వెంటనే ఏమీ కాదు. కొన్ని రోజుల తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. ఈ ఆలస్యమే దాని బలం, ఎందుకంటే తిన్నదానికీ బాధకూ మధ్య లంకె జంతువుకు తెలియదు, ఎర మీద అనుమానం రాదు. ఆ ఆలస్యమే దాని ప్రమాదం కూడా. తినకూడని ప్రాణి తిన్నా ఎవరూ సమయానికి గుర్తించలేరు. వానకు మెత్తబడిన ఎరను తిని టెల్ఫెయిర్ నలికిరులు కొన్ని చనిపోయాయి. ఈ నలికిరి ఆ దీవి సొంత జాతి. జాతి మొత్తం మీద చూస్తే నష్టం చిన్నదే, సంఖ్య త్వరగా కోలుకుంది కూడా. అయినా నిర్మూలన గురించి కొత్తవాళ్లకు చెప్పేటప్పుడు ఈ మాట దాటవేయకూడదని నా పట్టుదల. మందు చల్లే నిర్ణయం ఎవరు తీసుకున్నా ఇలాంటి చావులు తమ లెక్కలోనే ఉన్నాయని ఒప్పుకుని తీసుకోవాలి.

గడ్డి లేచింది

కుందేళ్లు పోయిన తర్వాత మొదట కనిపించినవన్నీ మంచి గుర్తులే. లతానియా తాటి మొలకలు మొదటిసారి మోకాలెత్తుకు పెరిగాయి. ఆకుల కింద నీడ, తేమ, పురుగులు పెరిగాయి. పురుగులు పెరిగితే బల్లులు, నలికిరులు పెరుగుతాయి. అవి పెరిగితే పాముకు తిండి దొరుకుతుంది.

వాటితోపాటు ఇంకొకటి లేచింది. మేకలు, కుందేళ్లు స్థానిక మొలకలను మాత్రమే ఏరుకుని తినలేదు, పచ్చగా కనిపించినదల్లా కొరికాయి. బయటి నుంచి వచ్చిన కలుపు మొక్కలు కూడా వాటి నోటికి భయపడి నేలకు అణిగి ఉన్నాయి. ఆ నోరు లేకపోయేసరికి అవి విరగబడి పెరిగాయి. క్లోరిస్ అనే గడ్డి, డెస్మాంథస్ అనే పొద వాటిలో ముఖ్యమైనవి. ఈ డెస్మాంథస్ తెలుగు రైతులకు కొత్తది కాదు. పశువులకు మేతగా వేసే దశరథ గడ్డి అదే. గొడ్డుకు కోసి వేసినా మళ్లీ మళ్లీ చిగురించే గుణం పొలంలో వరం. మేసే జంతువు లేని దీవి మీద ఆ గుణమే ఇబ్బంది అయింది.

కలుపు దట్టమైతే కింద పడిన స్థానిక గింజకు వెలుతురు అందదు. ఒకప్పుడు మొలిచాక చచ్చిన మొలక, ఇప్పుడు మొలవకుండానే ఆగిపోతుంది. ఫలితం చెట్టు దృష్టితో చూస్తే ఒకటే.

ఇలాంటిది మరో చోట ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. ఆస్ట్రేలియాకు చెందిన మక్వారీ దీవి మీద 2000 నాటికి పిల్లులను పూర్తిగా తొలగించారు. సముద్ర పక్షులకు అది ఊపిరి పోసిన పని. అయితే ఆ పిల్లులు కుందేళ్లను కూడా తినేవి. అదే కాలంలో కుందేళ్లను అదుపులో ఉంచుతున్న మిక్సోమా వైరస్ పట్టు కూడా సడలింది. కుందేళ్లు లక్ష దాటిపోయి, కొండవాలు పచ్చదనాన్ని నేలమట్టం చేశాయి. పిల్లుల తొలగింపు ఎంత, వైరస్ సడలింపు ఎంత అన్నదాని మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఉంది. చివరికి కుందేళ్లు, ఎలుకలు, చిట్టెలుకలు మూడింటినీ ఒకే పథకంలో నిర్మూలించారు. అది సఫలమైందని 2014లో ప్రకటించారు. పిల్లులను ఉంచి ఉండాల్సింది అని నేను అనను. వరుస, తయారీ ముఖ్యం అంటాను.

నేను పని నేర్చుకున్న దీవి

మారిషస్ ఆగ్నేయ తీరానికి కిలోమీటరు లోపు దూరంలో ఇల్ ఓ ఎగ్రెత్ అనే చిన్న దీవి ఉంది. సుమారు 26 హెక్టార్లు. పగడపు సున్నపురాయి నేల. మారిషస్ తీరాన ఒకప్పుడు విస్తరించి ఉన్న పొడి అడవి చివరి ముక్కల్లో ఇదొకటి. తునికి చెట్టుకు దగ్గరి బంధువైన ఒక నల్లచేవ చెట్టు, ఎబొనీ, ఇక్కడ ఇంకా మిగిలి ఉంది. కట్టెల కోసం ఏళ్ల తరబడి నరికారు. నరికిన చోట్లలోకి సుబాబుల్ లాంటివి చొచ్చుకొచ్చాయి. 1980ల నుంచి మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో ఇక్కడ కలుపు తీత, నాటడం, పక్షుల పునఃప్రవేశం వరుసగా జరుగుతూ వచ్చాయి. ఎలుకలను కూడా తొలగించారు.

సుబాబుల్‌తో పని ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి. మట్టి నేలలో అయితే మొలకను వేరుతో లాగేయవచ్చు. పగడపు రాయిలో వేరు సందులోకి వంకర తిరిగి దిగుతుంది. లాగితే పైభాగం తెగి చేతిలోకి వస్తుంది, వేరు లోపలే ఉంటుంది. నెల తిరిగేసరికి ఒకటి ఉన్న చోట మూడు చిగుళ్లు. అందుకే పెద్దవాటిని నేలకు దగ్గరగా నరికి, కోసిన ముఖం మీద ఆలస్యం చేయకుండా కలుపుమందు పూయాలి. ఆలస్యమైతే కోత ముఖం ఆరిపోతుంది, మందు లోపలికి దిగదు. ఒకరు నరకడం, వెనకాలే ఒకరు కుంచెతో నడవడం. నరికేవాడు ఉత్సాహంలో ముందుకు పోతే కుంచె పట్టినవాడికి మొదలు కనిపించదు, ఆకుల కింద కప్పబడిపోతుంది. మేము నరికిన ప్రతి మొదలు పక్కన ఒక కొమ్మను నిలువుగా గుచ్చేవాళ్లం. కుంచె మనిషి పూసిన తర్వాత దాన్ని పీకి పడేస్తాడు. సాయంత్రం నిలబడి ఉన్న కొమ్మ ఒక్కటి కూడా కనిపించకూడదు.

ఇంత చేసినా నేలలో గింజ ఉంటుంది. గట్టి పెంకు ఉన్న ఆ గింజ ఏళ్ల తరబడి ఆగి, వెలుతురు పడగానే లేస్తుంది. నేల శుభ్రం చేశామన్న తృప్తితో తీసిన ఫొటోలో కనిపించే ఆ ఖాళీ స్థలమే తర్వాతి కలుపుకు పిలుపు. కాబట్టి నర్సరీలో నాటడానికి మొక్క సిద్ధంగా లేనంతవరకు చెట్టు నరకవద్దని నేను వాదించేవాణ్ణి. ఒకేసారి మొత్తం తీసేస్తే పని చురుగ్గా సాగుతుందనే వాళ్లు బృందంలో ఉన్నారు. వాళ్ల మాటలోనూ నిజం ఉంది, ఎందుకంటే ముక్కలు ముక్కలుగా చేస్తే పక్కనున్న తీయని చెట్టు తీసిన చోట్లోకి గింజలు రాలుస్తూనే ఉంటుంది. కానీ తీసిన తర్వాత రెండేళ్లు వరుసగా తిరిగి వచ్చే మనుషులు ఖాయంగా ఉంటేనే ఆ పద్ధతి పనికి వస్తుంది. మనుషులు ఖాయం కానప్పుడు చిన్న ముక్కే మేలు.

ఇక్కడే నేను చేసిన ఒక తప్పు చెబుతాను. చేరిన కొత్తలో ఒక పూట కలుపు తీస్తూ, వెడల్పు లేని, దాదాపు గడ్డిపోచలాంటి ఆకులతో, మధ్యలో ఎర్రటి ఈనెతో ఉన్న చిన్న మొక్కలను పీకేశాను. నాలుగైదు ఉంటాయి. చుట్టూ ఉన్న ఏ చెట్టు ఆకుకూ వాటికి పోలిక లేదు, కనుక బయటివే అనుకున్నాను. వెనక వస్తున్న అనుభవజ్ఞురాలు నా గుప్పిట్లోని మొక్కలు చూసి ఏమీ అనలేదు. పది అడుగుల దూరంలో ఉన్న పెద్ద చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, దాని గుండ్రటి, దళసరి, పచ్చని ఆకులు చూపించారు. ఆ చెట్టు పిల్లలే నా చేతిలో ఉన్నవి. బ్వా దొలీవ్ అని అక్కడ పిలిచే స్థానిక చెట్టు. పిల్లప్పుడు ఒక రకం ఆకు, ఎదిగాక మరొక రకం.

ఎందుకలా? ఈ దీవుల్లో ఒకప్పుడు ఆకులు మేసే పెద్ద జంతువు నేల తాబేలు. మారిషస్‌లో రెండు జాతుల రాక్షస తాబేళ్లు ఉండేవి. మనుషులు, వాళ్లతో వచ్చిన జంతువులు కలిసి రెండింటినీ తుడిచిపెట్టాయి. తాబేలు మెడ అందేంత ఎత్తు వరకు ఈ మొక్క తన ఆకును సన్నగా, ఎండిపోయినట్టుగా, తినడానికి పనికిరానిదిగా కనిపించేలా ఉంచుతుంది. ఆ ఎత్తు దాటాక అసలు ఆకు వేస్తుంది. తాబేళ్లకు ఈ రెండు రకాల ఆకులూ పెట్టి చూసిన ప్రయోగాలు ఈ ఊహను బలపరిచాయి. తాబేలును తప్పించుకోవడానికి వేసుకున్న వేషం నన్ను కూడా మోసం చేసిందన్నమాట. ఆ రోజు నుంచి మా బృందంలో స్థానిక మొలకలకు ఎర్ర దారం కట్టిన తర్వాతే కలుపు కత్తి తీయడం అలవాటు చేసుకున్నాం.

ఆ గుప్పెడు మొలకలు నాకు ఇంకో సంగతి కూడా చెప్పాయి. ఇక్కడి మొక్కలకు మేసే జంతువు శత్రువు మాత్రమే కాదు, పాత పరిచయం. మేకకూ కుందేలుకూ ఎదురు చెప్పడం వాటికి రాదు. తాబేలుకు ఎదురు చెప్పడం మాత్రం వచ్చు.

తాబేలుకు అప్పగించిన పని

2000లో ఇల్ ఓ ఎగ్రెత్ మీదికి ఆల్డాబ్రా రాక్షస తాబేళ్లను తెచ్చారు. హిందూ మహాసముద్రంలో సీషెల్స్‌కు చెందిన ఆల్డాబ్రా పగడపు దీవి వీటి సొంత ఊరు. అక్కడ సుమారు లక్ష దాకా ఉన్నాయి. బయటి జాతులను తీసేయడానికి ఇంత శ్రమ పడుతున్న చోటికి మరో బయటి జాతిని తేవడం ఏమిటని అడిగినవాళ్లు చాలామంది. నేనూ మొదట అడిగాను.

నన్ను ఒప్పించిన కారణాలు సాదా సీదావి. తాబేలు చెట్టెక్కదు, ఈదుకుంటూ పక్క దీవికి వెళ్లిపోయే భయం తక్కువ. పొట్టి గోడతో ఆపవచ్చు. ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది కనుక ఒక్కసారిగా సంఖ్య పెరిగిపోదు. పొరపాటు జరిగిందనిపిస్తే, వెతికి పట్టుకుని ఎత్తుకుపోవచ్చు. కుందేలు విషయంలో చివరి మూడింటిలో ఒక్కటీ నిజం కాదు. వెనక్కు తీసుకోగల అడుగుకూ, తీసుకోలేని అడుగుకూ మధ్య ఉన్న తేడా ఈ వృత్తిలో అన్నిటికంటే పెద్ద తేడా అని నేను నమ్ముతాను.

ఎగ్రెత్‌లో తాబేలు చేసిన పని నేను దగ్గరగా చూశాను. ఎబొనీ పండ్లు చెట్టు కిందే రాలి, అక్కడే కుప్పగా పడి ఉంటాయి. వాటిని మింగి దూరంగా తీసుకెళ్లే జీవి పోయి చాలాకాలమైంది. తాబేలు వాటిని తింటుంది. రోజుల తరబడి కడుపులో మోసుకుని తిరిగి, కట్టెల కోసం నరికేసి ఎబొనీలు లేకుండా పోయిన చోట పెంట వేస్తుంది. వర్షాలు మొదలయ్యాక ఎండి పగిలిన అలాంటి ఒక పెంటలోంచి ఎబొనీ మొలకలు గుంపుగా తల ఎత్తడం చూశాను. మా నర్సరీలో అదే గింజకు పై గుజ్జు కడిగి, నీడలో ఉంచి, రోజూ తడిపి మేము పడే పాటు అంతా అది నడుస్తూ నడుస్తూ చేసేసింది. తాబేలు కడుపులోంచి వచ్చిన గింజలు మెరుగ్గా మొలుస్తాయనీ, పోయిన చోట్ల ఎబొనీ తిరిగి వస్తోందనీ 2011లో వెలువడిన పరిశోధన కూడా చూపించింది.

రౌండ్ ఐలండ్‌లో తాబేలు నుంచి కోరింది వేరే పని. అక్కడ కావలసింది గడ్డి, దశరథ గడ్డి మేసే నోరు. 2007లో ఆల్డాబ్రా తాబేళ్లనూ, మడగాస్కర్‌కు చెందిన రేడియేటెడ్ తాబేళ్లనూ కొద్ది సంఖ్యలో తెచ్చి కంచెల్లో పరీక్షించారు. తెచ్చే ముందు విడిగా ఉంచడం తప్పనిసరి. లేకపోతే కలుపు తినడానికి తెచ్చిన జంతువే కడుపు నిండా కొత్త కలుపు గింజలు మోసుకొస్తుంది. పరీక్షలో అవి తిన్నవి ఎక్కువగా బయటి మొక్కలే. స్థానిక మొక్కల జోలికి అంతగా పోలేదు. ఆ తర్వాతి ఏళ్లలో ఆల్డాబ్రా తాబేళ్లను వందల సంఖ్యలో వదిలారు.

తాబేలు మేసిన చోటు గుర్తుపట్టడం తేలిక. గడ్డి కత్తెరతో కోసినట్టు నేలకు అంటుకుని ఉంటుంది, మధ్యలో లతానియా పిల్ల చెక్కుచెదరకుండా నిలబడి ఉంటుంది. కానీ అది కూడా దీవి అంతటా జరిగిపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఎండ మండే బండల మీద, నీడ లేని వాలు మీద తాబేలు తిరగదు. నీడ కోసం చెట్టు కావాలి, చెట్టు రావడానికి తాబేలు కావాలి. ఆ మధ్యలో ఉన్న ఖాళీని పూరించేది మనిషి చేతులే. నర్సరీలో పెంచిన మొక్కలను వీపుకు కట్టుకుని వాలు ఎక్కి, రాతి సందుల్లో మిగిలిన గుప్పెడు మట్టిలో నాటి, వాటికి నీళ్లు మోయడం ఇంకా సాగుతూనే ఉంది. మంచినీటి ఊటలు లేని దీవి మీద ప్రతి బిందెకూ లెక్క ఉంటుంది.

పద్దెనిమిది నెలలు

ఇక తలుచుకున్నప్పుడల్లా కష్టంగా ఉండే భాగం.

మారిషస్‌కు ఉత్తరాన ఫ్లాట్ ఐలండ్ అనే దీవి ఉంది. 1998లో అక్కడ ఎలుకలను, చిట్టెలుకలను, పిల్లులను తొలగించారు. ఆ దీవి మీద తోక నారింజ రంగులో మెరిసే ఒక చిన్న నలికిరి ఉండేది. ప్రపంచంలో మరెక్కడా లేదు. నేలలో రాలిన ఆకుల్లో, వందలు వందలుగా బతికేది.

2010లో అక్కడికి చుంచు చేరింది. మన ఇళ్లల్లో రాత్రి గోడ వెంట కిచకిచమంటూ పరుగెత్తే, ఘాటు వాసన వేసే ఆ చుంచే. ఏ పడవలో, ఏ సంచిలో వచ్చిందో తెలియదు. గర్భంతో ఉన్న ఒక్క ఆడది చాలు. చుంచు ఎలుక జాతి కాదు, గింజ తినదు, పురుగులను, చిన్న సరీసృపాలను, గుడ్లను తింటుంది. ఆకుల్లో బతికే చిన్న నలికిరి దానికి చేతికందిన తిండి. సుమారు పద్దెనిమిది నెలల్లో ఫ్లాట్ ఐలండ్ మీద నారింజ తోక నలికిరి ఒక్కటి కూడా మిగల్లేదు.

జాతి మొత్తం పోలేదు. అందుకు ఒకే కారణం ఉంది. చుంచు రాకముందే, 2008 నుంచి, కొన్ని నలికిరులను పట్టుకుని గన్నర్స్ కాయిన్ అనే పక్క దీవికి తరలించి ఉన్నారు. అప్పటికి ఆ దీవి ఎలుకలు లేనిదై ఉంది. "ఉన్నచోట బాగానే ఉన్నాయి కదా, ఎందుకు కదపడం?" అనే ప్రశ్న ఇలాంటి ప్రతి తరలింపు ముందూ వస్తుంది. ఫ్లాట్ ఐలండ్ తర్వాత ఆ ప్రశ్న అడిగేవాళ్లకు నేను ఈ ఒక్క కథ చెప్పి ఊరుకుంటాను. 2012లో రౌండ్ ఐలండ్ పామును కూడా గన్నర్స్ కాయిన్‌కు తరలించారు. ఆ పాము ఒకే దీవి మీద ఉన్నంతకాలం ఒకే ఒక్క చుంచు దూరంలో ఉన్నట్టే. పాము తినే బల్లులు, నలికిరులు ఉంటేనే కదా పాము.

చుంచును తర్వాత తీసేయవచ్చు కదా అంటే, ఎలుకకు పనిచేసిన ఎర దానికి పనిచేయదు. ఎలుక ఎర గింజలతో తయారవుతుంది, చుంచు దాన్ని పట్టించుకోదు. బోనులు పెట్టి పట్టాలి. మారిషస్ పక్కనున్న రెండు హెక్టార్ల ఇల్ ద లా పాస్ మీద ఆ పద్ధతి ఫలించింది. 26 హెక్టార్ల ఎగ్రెత్ మీద ఫలించలేదు. ఆకుల కింద, రాతి సందుల్లో కొన్ని మిగిలిపోయాయి, అవి చాలు.

అందుకే చివరి ఏళ్లలో నేను తనిఖీ పని అడిగి తీసుకున్నాను. రౌండ్ ఐలండ్‌కు వెళ్లే ప్రతి వస్తువూ మూసిన గదిలో, తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద విప్పాలి. దుప్పటి మడతలు, సంచి కుట్లు, బూటు అడుగు గాడులు, టార్చిలైటు బ్యాటరీ అర. కూరగాయల పెట్టెలు చీమల కోసం, బల్లి గుడ్ల కోసం చూడాలి. తర్వాత మూత గట్టిగా బిగించే పీపాల్లోకి ఎత్తాలి, ఇక దీవి మీద మూసిన గుడారంలోనే మళ్లీ తెరవాలి. విన్నవాళ్లకు ఇది చాదస్తంలా అనిపిస్తుంది. ఒకసారి నా సంచిని నేనే చూసుకుని, శుభ్రంగా ఉందని పుస్తకంలో సంతకం పెట్టాను. నియమం ప్రకారం మరొకరు రెండోసారి చూడాలి, చూశారు. కలుపు తీసేటప్పుడు మోకాలికి కట్టుకునే పట్టీ అతుకులో, నూలు కొసల మధ్య, గడ్డి గింజలు మూడు దొరికాయి. ముందు వారం ఎగ్రెత్‌లో మోకాళ్ల మీద పనిచేసినప్పుడు అంటుకున్నవే. మూడు గింజలూ చిన్న సీసాలో వేసి, తేదీ రాసి, బల్ల పక్కనున్న అరలో పెట్టారు. అక్కడ అప్పటికే చాలా సీసాలు ఉన్నాయి. ఎవరి సంచిని వాళ్లు తనిఖీ చేసుకోకూడదని ఆ తర్వాత నేను రాసిన నియమాన్ని ఎవరు సడలించమన్నా ఒప్పుకోలేదు.

2020 జూలైలో వకాషియో అనే సరుకుల ఓడ ఎగ్రెత్‌కు దగ్గర్లోని పగడపు దిబ్బ ఎక్కింది. ఆగస్టులో దాని ఇంధన నూనె కారడం మొదలైంది. నర్సరీ మొక్కలను హడావుడిగా పెద్ద దీవికి తరలించారు, చిన్న బల్లులను, నలికిరులను కొన్నింటిని జెర్సీకి పంపారు. అంత గందరగోళంలో తీరానికి ఎవరెవరో, ఏవేవో పడవలు, పెట్టెలు, తాళ్లు వచ్చిపోయాయి. అందరి కళ్లూ నల్లటి నూనె మీదే ఉంటే, నా మనసు ఆ తాళ్ల చుట్టల మీద ఉంది. తాడు చుట్ట మధ్యలో చుంచుకు గూడు కట్టుకునేంత చోటు ఉంటుంది.

ఎగ్రెత్‌లో చుంచు ఇంకా ఉంది. సాయంత్రం నర్సరీ తలుపు వేస్తుంటే ఎండుటాకుల్లోంచి దాని సన్నటి కూత వినిపిస్తుంది. అక్కడ వాడిన బూట్లు అక్కడే ఉంటాయి. రౌండ్ ఐలండ్‌కు వేరే జత. ఆ జత పీపాలోంచి బయటికి వచ్చేది పడవ దూకి రాతి మీద నిలబడ్డ తర్వాతే.